నిద్రలో అసాధారణ ప్రవర్తనలు

నిద్రలో అసాధారణ ప్రవర్తనలు అనగా మనిషి నిద్రపోతున్నప్పుడు, నిద్రలోకి జారుకుంటున్నప్పుడు లేదా నిద్ర నుండి మేలుకుంటున్నప్పుడు తన ప్రమేయం లేకుండా చేసే పనులు, పలికే మాటలు, పొందే అనుభవాలు. వైద్యశాస్త్రంలో వీటిని పారాసోమ్నియాలు అంటారు. నిద్రలో నడవడం, కలవరించడం, భయంతో కేకలు పెట్టి లేవడం, కలలో జరుగుతున్నదానికి తగినట్లు కాళ్ళు చేతులు ఆడించడం, మెలకువ వచ్చినా శరీరం కదపలేకపోవడం ఈ కోవకు చెందినవి. వీటిలో ఎక్కువ భాగం హాని లేనివి, వయసుతోపాటు తగ్గిపోయేవి. కొన్ని మాత్రం గాయాలకు దారితీస్తాయి. మరికొన్ని వేరొక వ్యాధికి తొలి సూచనలు కావచ్చును.

ఇటువంటి ప్రవర్తనను చూసినవారు దయ్యం పట్టిందనో, గాలి సోకిందనో, నటిస్తున్నారనో అనుకోవడం తెలుగునాట సాధారణం. మెదడులో కొన్ని భాగాలు మేలుకొని మిగిలినవి నిద్రలోనే ఉండిపోవడం, లేదా నిద్రలోని ఒక దశకు చెందిన లక్షణం తప్పిపోవడం వీటికి మూలం. నిద్రపోయిన వ్యక్తికి తాను చేసినది చాలాసార్లు గుర్తుండదు. కనుక వ్యాధి నిర్ధారణలో పక్కన పడుకున్నవారి సాక్ష్యమే ముఖ్యమైనది. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వసతిగృహాల వంటి చోట్ల ఆ సాక్షులు కుటుంబసభ్యులు కారు, కొత్తగా పరిచయమైన తోటి విద్యార్థులు. అందువలన ఈ విషయంపై కనీస అవగాహన అందరికీ అవసరం.

పేరు

పారాసోమ్నియా అనే పదం గ్రీకు భాషలోని 'పారా' (పక్కన), లాటిన్ భాషలోని 'సోమ్నస్' (నిద్ర) అనే మాటల కలయిక. 1932లో ఫ్రెంచి వైద్యుడు ఆన్రీ రోజే ఈ పదాన్ని వాడాడు. తెలుగులో ఈ ప్రవర్తనలన్నిటికీ కలిపి వాడుకలో ఒకే పేరు లేకపోయినా, విడివిడిగా పేర్లు ఉన్నాయి. నిద్రలో మాట్లాడటాన్ని కలవరింత అనీ, భయపెట్టే కలను పీడకల అనీ, నిద్రలో మూత్రం పోయడాన్ని పక్క తడపడం అనీ అంటారు. నిద్ర పట్టే సమయంలో ఎత్తు నుండి పడిపోతున్నట్లు అనిపించి ఒక్కసారిగా శరీరం అదరడాన్ని ఉలికిపాటు అంటారు. ఈ ఉలికిపాటు ఆరోగ్యవంతులలోనూ కలిగే సహజమైన కదలిక.

నిద్ర దశలు

ఈ ప్రవర్తనలను అర్థం చేసుకొనుటకు నిద్ర నిర్మాణం తెలియవలెను. రాత్రి నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తాలుగా సాగుతుంది. పెద్దవారిలో రాత్రికి 4 నుండి 6 ఆవృత్తాలు ఉంటాయి. ప్రతి ఆవృత్తంలో రెండు రకాల నిద్ర ఉంటుంది.

మొదటిది నాన్-రెమ్ నిద్ర. ఇందులో మూడు దశలు ఉన్నాయి. మూడవ దశ గాఢనిద్ర. ఈ దశలో మెదడు తరంగాలు నెమ్మదిగా, పెద్దవిగా ఉంటాయి. గాఢనిద్ర రాత్రి మొదటి మూడవవంతులో ఎక్కువగా ఉంటుంది.

రెండవది రెమ్ నిద్ర. ఇందులో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి. స్పష్టమైన కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. ఇది తెల్లవారుజామున ఎక్కువ సేపు ఉంటుంది. 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఆసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ ఈ నిద్రను వర్ణించారు. రెమ్ నిద్రలో కంటి కండరాలు, ఊపిరి తీసే కండరాలు తప్ప శరీరంలోని కండరాలు దాదాపు చచ్చుబడినట్లు ఉంటాయి. కలలో పరుగెత్తినా మంచం మీద కాలు కదలకపోవడానికి కారణం ఇదే. ఫ్రాన్స్‌లో మిషెల్ జువే పిల్లులలో మెదడు కాండంలోని ఒక చిన్న భాగాన్ని దెబ్బతీసి చూడగా, అవి రెమ్ నిద్రలో లేచి వేటాడుతున్నట్లు కదిలాయి. కలలు కనేటప్పుడు శరీరాన్ని ఆపి ఉంచే యంత్రాంగం ఒకటి ఉన్నదని దీనివలన తెలిసింది.

ఏ ప్రవర్తన ఏ దశకు చెందినదో తెలుసుకొనుటకు రాత్రి ఏ వేళలో జరిగినదన్నది మంచి ఆధారం. నిద్రపోయిన ఒకటి రెండు గంటలలో జరిగి, ఉదయం గుర్తు లేకపోతే అది గాఢనిద్రకు చెందినది అయ్యే అవకాశం ఎక్కువ. తెల్లవారుజామున జరిగి, కల గుర్తుంటే అది రెమ్ నిద్రకు చెందినది కావచ్చును.

రకాలు

గాఢనిద్రకు చెందినవి

నిద్రలో నడక: గాఢనిద్ర నుండి సగం మేలుకొన్న స్థితిలో మంచం దిగి నడవడం. కళ్ళు తెరచి ఉంటాయి, చూపు మాత్రం శూన్యంగా ఉంటుంది. పిలిస్తే సరిగా బదులు చెప్పరు. తలుపు గడియ తీయడం, మెట్లు దిగడం, బట్టలు సర్దడం వంటి పనులు చేయగలరు. కొన్ని నిమిషాల తరువాత తిరిగి వచ్చి పడుకుంటారు. 2016లో ప్రచురితమైన ఒక సమీక్ష ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు నిద్రలో నడిచినవారు సుమారు 7 శాతం.

నిద్రా భీతి: ముఖ్యంగా చిన్నపిల్లలలో కనిపిస్తుంది. బిడ్డ ఒక్కసారిగా కేక పెట్టి లేచి కూర్చుంటుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెమట పడుతుంది. తల్లి ఎత్తుకున్నా గుర్తించదు. కొద్దిసేపటికి మళ్ళీ నిద్రపోతుంది, ఉదయం ఏమీ గుర్తుండదు. పీడకల దీనికి భిన్నమైనది. పీడకల వచ్చినవారు పూర్తిగా మేలుకొని కలను చెప్పగలరు.

తికమక మేలుకొలుపు: నిద్ర లేచినట్లే కనిపించి, తానెక్కడ ఉన్నదీ ఎదుట ఎవరున్నదీ తెలియక పొంతన లేకుండా మాట్లాడటం. గాఢనిద్రలో ఉన్నవారిని బలవంతంగా లేపినప్పుడు ఇది కలుగుతుంది.

నిద్రలో తినడం: రాత్రి లేచి వంటగదిలో దొరికినది తినడం, ఉదయం అది గుర్తు లేకపోవడం. పచ్చి బియ్యం, పిండి వంటివి కూడా తినవచ్చును. కొన్ని నిద్రమాత్రలు దీనికి కారణమవుతాయి.

రెమ్ నిద్రకు చెందినవి

రెమ్ నిద్రా ప్రవర్తన రుగ్మత: రెమ్ నిద్రలో ఉండవలసిన కండరాల సడలింపు లోపించడం వలన కలలోని పనిని శరీరం చేసేస్తుంది. కలలో దొంగతో కలబడితే పక్కనున్నవారికి దెబ్బలు తగులుతాయి. 1986లో అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ బృందం దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించింది. ఇది ఎక్కువగా 50 ఏళ్ళు దాటినవారిలో కనిపిస్తుంది. 2019లో 24 వైద్యకేంద్రాల నుండి 1,280 మంది రోగులను పరిశీలించిన అధ్యయనంలో, ఏడాదికి సుమారు 6 శాతం మందికి పార్కిన్‌సన్స్ వ్యాధి లేదా దాని కోవలోని మతిమరుపు వ్యాధి బయటపడినది. కనుక పెద్దవయసులో కొత్తగా మొదలైన ఈ ప్రవర్తనను తేలికగా తీసుకొనరాదు.

నిద్రా పక్షవాతం: మెలకువ వచ్చిన తరువాత కూడా రెమ్ నిద్రలోని కండరాల సడలింపు కొన్ని క్షణాలు లేదా నిమిషాలు కొనసాగడం. మనిషికి అన్నీ తెలుస్తూ ఉంటాయి, కాని కదలలేడు, అరవలేడు. గదిలో ఎవరో ఉన్నట్లు, గుండెల మీద కూర్చున్నట్లు అనిపిస్తుంది. 2011లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం సాధారణ జనాభాలో సుమారు 8 శాతం మంది, విద్యార్థులలో సుమారు 28 శాతం మంది ఒక్కసారైనా దీనిని అనుభవించారు. దీనివలన ప్రాణాపాయం లేదు.

ఇతరములు

కలవరింత ఏ దశలోనైనా రావచ్చును. ఒక్కటే ఉన్నపుడు దీనికి చికిత్స అవసరం లేదు. కలవరింతలో అన్న మాటలను మనసులోని రహస్యాలుగా గాని, ఒప్పుకోలుగా గాని భావించరాదు. నిద్రలో పళ్ళు కొరకడం వైద్యుల వర్గీకరణలో నిద్రకు సంబంధించిన కదలికల కిందకు వస్తుంది. దీర్ఘకాలం కొనసాగితే పళ్ళు అరుగుతాయి, ఉదయం దవడ నొప్పి ఉంటుంది.

కారణాలు

వంశపారంపర్యం: కెనడాలోని క్యూబెక్‌లో పిల్లలపై జరిగిన అధ్యయనంలో (2015), తల్లిదండ్రులలో ఎవరికీ నిద్రలో నడిచే అలవాటు లేనప్పుడు పిల్లలలో 22.5 శాతం మంది, ఒకరికి ఉన్నప్పుడు 47.4 శాతం మంది, ఇద్దరికీ ఉన్నప్పుడు 61.5 శాతం మంది నిద్రలో నడిచినట్లు తేలింది.

నిద్ర లేమి: నిద్ర చాలకపోతే మరునాడు గాఢనిద్ర మరింత ఒత్తుగా పడుతుంది. దాని నుండి మేలుకోవడం అసంపూర్ణంగా ఉంటుంది. 2008లో మాంట్రియల్‌లో నిద్రలో నడిచే అలవాటున్నవారిని 25 గంటలు మేలుకొని ఉంచి తరువాత నిద్రపుచ్చారు. మామూలు రాత్రి వారందరిలో కలిపి 32 సంఘటనలు నమోదు కాగా, నిద్ర లేమి తరువాత 92 నమోదయ్యాయి.

ఇతర ప్రేరకాలు: జ్వరం, మానసిక ఒత్తిడి, మద్యం, నిండిన మూత్రాశయం, కొత్తచోటు, పెద్ద శబ్దాలు, గురకతో ఊపిరి ఆగిపోయే వ్యాధి (స్లీప్ ఆప్నియా) మొదలైనవి. జోల్పిడెమ్ వంటి నిద్రమాత్రలు వాడినవారు నిద్రలో నడవడం, వండుకోవడం, వాహనం నడపడం వంటివి చేసి గాయపడిన సంఘటనల కారణంగా 2019లో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఆ మందులపై అత్యున్నత స్థాయి హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. కుంగుబాటుకు వాడే కొన్ని మందులు రెమ్ నిద్రా ప్రవర్తన రుగ్మతను రేకెత్తించగలవు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతం

దిల్‌సుఖ్‌నగర్ పోటీపరీక్షల, కంప్యూటరు కోర్సుల శిక్షణ కేంద్రాలకు ప్రసిద్ధి. చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం, సరూర్‌నగర్ వీధులలో ప్రైవేటు వసతిగృహాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల నుండి వచ్చే యువతీయువకులు గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు, బ్యాంకు ఉద్యోగాల పరీక్షలకు ఇక్కడ ఉండి చదువుకుంటారు. ఈ ప్రాంతం గుండా పూర్వం 9వ నంబరుగా, నేడు 65వ నంబరుగా ఉన్న విజయవాడ జాతీయ రహదారి వెళుతుంది. ఎల్బీనగర్ కూడలి నుండి విజయవాడ, ఖమ్మం వైపు బస్సులు రాత్రంతా నడుస్తాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో మార్గం ప్రారంభమైనది.

పైన చెప్పిన ప్రేరకాలు అనేకం వసతిగృహ జీవితంలో ఒకేచోట కలుస్తాయి. పరీక్ష ముందు రాత్రుళ్ళు మేలుకొని చదవడం, తరువాత ఒకేసారి ఎక్కువసేపు పడుకోవడం, ఇంటికి దూరంగా కొత్తచోటు, ఉద్యోగం గురించిన ఆందోళన, రహదారి మీది హారన్ల మోత అందులోనివి. చిన్నతనంలో నిద్రలో నడిచి మానినవారికి ఈ పరిస్థితిలో ఆ అలవాటు తిరిగి కనిపించవచ్చును. రాత్రి ఆలస్యంగా, వేళ తప్పి పడుకొనేవారిలో నిద్రా పక్షవాతం కూడా ఎక్కువ.

కట్టడాల తీరు వలన కూడా జాగ్రత్త అవసరం. వసతిగృహాలు పలు అంతస్తులవి, మెట్లు ఇరుకైనవి, ఒకదానిపై ఒకటి అమర్చిన మంచాలు సాధారణం. వేసవిలో డాబా మీద పడుకునే అలవాటు ఉన్నది. నిద్రలో నడిచేవారికి పై మంచం, పిట్టగోడ తక్కువ ఎత్తున్న డాబా, గడియ లేని బాల్కనీ తలుపు అపాయకరమైనవి. గదిలో చేరిన రోజే తన అలవాటును వార్డెనుకు, గదిలోని మిత్రులకు చెప్పి కింది మంచం తీసుకోవడం ఉత్తమం. అయితే ఎగతాళికి భయపడి చాలామంది దాచిపెడతారు. నిద్రలో నడిచే మిత్రుని సెల్‌ఫోనుతో చిత్రీకరించి ఇతరులకు పంపడం అతనికి తీరని అవమానం కలిగిస్తుంది. అదే చిత్రం ఆ వ్యక్తి అనుమతితో వైద్యునికి చూపితే నిర్ధారణకు ఎంతో ఉపయోగపడుతుంది.

నమ్మకాలు, వాస్తవాలు

నిద్రలో నడిచేవారిని లేపితే ప్రాణం పోతుందన్న నమ్మకం ఉన్నది. ఇది నిజం కాదు. కాని ఒక్కసారిగా కుదిపి లేపితే తికమకపడి, భయంతో నెట్టివేయవచ్చును లేదా కొట్టవచ్చును. మెల్లగా మాట్లాడుతూ, భుజం పట్టుకొని మంచం వైపు నడిపించడం మేలు.

పిల్లలు నిద్రలో పళ్ళు కొరికితే కడుపులో నులిపురుగులు ఉన్నాయని పెద్దలు అంటారు. పళ్ళు కొరికే పిల్లలలో చాలామందికి పురుగులు ఉండవు. ఆ ఒక్క లక్షణం చూసి మందు వేయరాదు.

గుండెల మీద దయ్యం కూర్చున్నదనే అనుభవం నిద్రా పక్షవాతపు వర్ణనతో సరిపోతుంది. ఇటువంటి కథలు ప్రపంచమంతటా ఉన్నాయి. ఇంగ్లీషులో పీడకలకు వాడే 'నైట్‌మేర్' అనే మాటలోని 'మేర్' కూడా నిద్రలో ఛాతీ మీద కూర్చునే భూతం పేరే.

దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం వలన కుటుంబానికి ధైర్యం కలగవచ్చును. అయితే భూతవైద్యం పేరుతో కొట్టడం, పొగ పెట్టడం, నిద్రపోనీయకపోవడం హానికరమైనవి. నిద్ర తగ్గితే ఈ ప్రవర్తన మరింత పెరుగుతుంది.

జాగ్రత్తలు

* ప్రతిరోజూ ఒకే వేళకు పడుకొని, తగినంత నిద్ర పోవలెను. పెద్దలకు కనీసం 7 గంటలు అవసరం.
* నిద్రలో నడిచేవారు నేల మీద గాని, ఎత్తు తక్కువ మంచం మీద గాని పడుకోవలెను.
* డాబా, బాల్కనీ తలుపులకు గడియ వేయవలెను. అగ్నిప్రమాదం వంటి సమయంలో బయటపడుటకు వీలుగా తాళంచెవి తోటివారికి అందుబాటులో ఉండవలెను.
* కత్తులు, గాజు వస్తువులు, వాహనాల తాళంచెవులు దూరంగా ఉంచవలెను. గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు కట్టివేయవలెను.
* రాత్రి రైలు ప్రయాణంలో కింది బెర్తు తీసుకొని, తోడు ఉన్నవారికి ముందుగా చెప్పవలెను.
* మద్యం మానవలెను. వైద్యుని సలహా లేకుండా నిద్రమాత్రలు వాడరాదు.

నిర్ధారణ, చికిత్స

పిల్లలలో అప్పుడప్పుడు కనిపించే నిద్రలో నడకకు, నిద్రా భీతికి సాధారణంగా మందులు అవసరం లేదు. ఈ క్రింది సందర్భాలలో వైద్యుని సంప్రదించవలెను: పెద్దవయసులో కొత్తగా మొదలైనప్పుడు, గాయాలు అయినప్పుడు, వారానికి పలుమార్లు జరిగినప్పుడు, పగలు విపరీతమైన నిద్రమత్తు ఉన్నప్పుడు, గురకతో ఊపిరి ఆగుతున్నప్పుడు. ఒకే విధమైన కదలికలు ఒకే రాత్రి పలుమార్లు, ఒకటి రెండు నిమిషాల లోపు వచ్చిపోతుంటే అది నిద్రలో వచ్చే మూర్ఛ కావచ్చును.

అవసరమైనప్పుడు పాలీసోమ్నోగ్రఫీ అనే పరీక్ష చేస్తారు. ఇందులో ఒక రాత్రంతా మెదడు తరంగాలు, కంటి కదలికలు, కండరాల బిగువు, శ్వాస, గుండె వేగం నమోదు చేస్తూ వీడియో తీస్తారు.

పిల్లలలో నియత మేలుకొలుపు అనే పద్ధతి ఉపయోగపడుతుంది. రోజూ సంఘటన జరిగే వేళకు సుమారు 15 నుండి 30 నిమిషాల ముందు బిడ్డను మెల్లగా లేపి మళ్ళీ పడుకోబెడతారు. రెమ్ నిద్రా ప్రవర్తన రుగ్మతకు పడకగదిని భద్రపరచడంతోపాటు మెలటోనిన్ లేదా క్లోనజెపామ్ మందులను వైద్యులు ఇస్తారు. ఊపిరి ఆగే వ్యాధి ఉన్నవారికి దానికి చికిత్స చేస్తే ఈ ప్రవర్తన కూడా తగ్గుతుంది.

హైదరాబాదులో పంజాగుట్టలోని నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల నాడీ వైద్య విభాగాలను, ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయాన్ని ఇందుకు సంప్రదించవచ్చును. ఆందోళన, ఒత్తిడి ఎక్కువగా ఉన్న విద్యార్థులు 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ-మానస్ ఉచిత ఫోను సేవ (14416) ద్వారా సలహా పొందవచ్చును.

చట్టం

నిద్రలో చేసిన పనికి మనిషి బాధ్యుడా అన్న ప్రశ్న న్యాయస్థానాల ముందుకు వచ్చినది. 1987లో కెనడాలో ఒక వ్యక్తి నిద్రలోనే కారు నడుపుకుంటూ సుమారు 23 కిలోమీటర్లు వెళ్ళి అత్తను చంపి, మామను గాయపరచాడు. అతడు నిద్రలో నడిచే స్థితిలో ఉన్నాడని నమ్మిన జ్యూరీ నిర్దోషిగా ప్రకటించింది. 1992లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది.

భారతదేశంలో ఇటువంటి వాదనను మతిస్థిమితం లేని వ్యక్తి చేసిన పని అన్న మినహాయింపు కింద పరిశీలిస్తారు. ఇది భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షను. 1959లో మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో, పసిబిడ్డతో బావిలో దూకిన తల్లి నిద్రలో నడిచే స్థితిలో ఉన్నదని వాదించారు. అందుకు ఆధారం లేదని కోర్టు ఆ వాదనను తిరస్కరించింది. పూర్వం నుండి ఆ అలవాటు ఉన్నట్లు సాక్ష్యం ఉండటం ఇటువంటి కేసులలో కీలకం.

సాహిత్యంలో

తెలుగు స్త్రీల రామాయణపు పాటలలో 'ఊర్మిళాదేవి నిద్ర' ప్రసిద్ధమైనది. లక్ష్మణుడు అడవిలో ఉన్న పద్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రలో ఉంటుంది. అతడు తిరిగి వచ్చి లేపినప్పుడు భర్తను గుర్తించలేక, ఎవరో పరాయి పురుషుడని భయపడి మాట్లాడుతుంది. గాఢనిద్ర నుండి లేపబడినవారు ఎదుటివారిని గుర్తించలేకపోవడమనే అనుభవం ఇంటింటా తెలిసినదే కనుక పాట వినేవారికి ఆ ఘట్టం సహజంగా తోస్తుంది. షేక్‌స్పియర్ రచించిన మాక్‌బెత్ నాటకంలో లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తూ చేతులు కడుక్కుంటున్నట్లు రుద్దుకుంటుంది. ఇటలీకి చెందిన బెల్లినీ 1831లో రచించిన 'లా సొన్నాంబులా' అనే సంగీత నాటకంలో, నిద్రలో నడుస్తూ పరాయివాని గదిలోకి వెళ్ళిన యువతిని ఊరివారు అనుమానిస్తారు. చివరకు ఆమె అందరి ఎదుట నిద్రలో నడవడంతో నిజం తెలుస్తుంది.